ప్లంబింగ్ అనే మాటలోని సీసం

నగరానికి కొత్తగా వచ్చి ఇల్లు అద్దెకు తీసుకున్న తెలుగు కుటుంబం మొదటి నెలలోనే వాడవలసివచ్చే మాటలలో ‘ప్లంబర్’ ఒకటి. కుళాయి కారినా, స్నానాల గదిలో నీరు నిలిచినా, మేడమీది ట్యాంకు నిండి పొర్లినా ఆ మనిషి కోసమే కబురు వెళుతుంది. ఇంటి యజమాని కన్నడిగుడైనా, తమిళుడైనా, మరాఠీవాడైనా, ఒడియావాడైనా ఈ ఒక్క మాట దగ్గర దుబాసీ అవసరం కలగదు. పురపాలక దరఖాస్తులలోను, భవన నిర్మాణ పటాలలోను ‘ప్లంబింగ్’ అన్న శీర్షిక ఏ భాషలో చూసినా ఇంచుమించు ఒకే రూపంలో కనిపిస్తుంది.

ఇంతగా నీటితో ముడిపడిపోయిన ఈ మాటకు పుట్టుకలో నీటితో సంబంధం లేదు. దాని వేరు ఒక లోహంలో ఉంది. ఆ లోహం సీసం. మనం తాగే నీటిలో ఏ మాత్రమూ ఉండరాదని నేటి వైద్యం చెప్పే సీసమే నీటి గొట్టాల పనికి పేరు పెట్టింది. ఈ విడ్డూరం వెనుక రెండు వేల ఏళ్ళ చరిత్ర ఉంది. అది పూర్తిగా గడిచిపోయిన చరిత్ర కూడా కాదు.

లాటిన్ భాషలో సీసాన్ని ‘ప్లంబమ్’ అన్నారు. రసాయనశాస్త్రంలో సీసానికి పీ, బీ అనే రెండక్షరాలు గుర్తని బడిపిల్లలు వల్లె వేస్తారు. ఆంగ్లంలో ఆ లోహం పేరు ‘లెడ్’ కదా, అందులో లేని అక్షరాలు ఎక్కడి నుంచి వచ్చాయని అడిగే పిల్లకు సమాధానం ఈ లాటిన్ పేరే. సీసంతో పనిచేసేవాడు ‘ప్లంబారియస్’. ఆ మాటే ఫ్రెంచి భాష మీదుగా ఆంగ్లానికి చేరి ‘ప్లంబర్’ అయింది. అతడు చేసే పని ‘ప్లంబింగ్’. అక్షరాలా చెప్పుకోవాలంటే ప్లంబర్ సీసపు పనివాడు. ప్లంబింగ్ సీసపు పని.

రోమనులు గొట్టాలకు సీసాన్నే ఎంచుకోవడానికి తగిన కారణాలు ఉన్నాయి. సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది. కట్టెల పొయ్యి వేడి దానికి చాలు. మెత్తనిది కనుక సులువుగా వంగుతుంది. ఇనుములాగా తుప్పు పట్టి చిల్లులు పడదు. పైగా సీసపు ఖనిజం నుంచి వెండిని వేరుచేసే పరిశ్రమ రోమను సామ్రాజ్యంలో పెద్ద ఎత్తున సాగినందువల్ల సీసం విస్తారంగా దొరికేది. కరిగించిన సీసాన్ని పలుచని రేకుగా పోసి, ఆ రేకును కడ్డీ చుట్టూ వంచి, అంచులు కలిసినచోట అతికేవారు. అందుకే తవ్వకాలలో దొరికిన రోమను గొట్టాలు అడ్డంగా కోసి చూస్తే నిండు గుండ్రంగా కాక, అతుకు వైపు కొంచెం కోసుగా, బేరిపండు ఆకారంలో ఉంటాయి. వంచకముందు రేకు వెడల్పు ఎన్ని అంగుళుల మేర ఉన్నదో దానిని బట్టి గొట్టాల కొలతలకు పేర్లు పెట్టారని వాస్తుశాస్త్ర రచయిత విట్రూవియస్ రాశాడు. ఐదు అంగుళుల రేకుతో చేసినది ‘క్వినారియా’. నేడు అరంగుళం పైపు, ముప్పావు అంగుళం పైపు అని దుకాణంలో అడిగే పద్ధతి అప్పటికే ఉన్నదన్నమాట.

సీసపు పనివాడి పేరు నీటి పంపిణీతో పెనవేసుకున్నది ఈ గొట్టాల వల్లనే. క్రీస్తుశకం 97లో రోము నగర జలపాలకుడుగా నియమితుడైన ఫ్రాంటినస్ తన ఉద్యోగ అవసరానికని నగర నీటి సరఫరాపై ఒక గ్రంథం రాశాడు. అందులో కాలువల పొడవులు, గొట్టాల కొలతలు, ఎవరికి ఎంత నీరు చేరుతున్నదీ లెక్కలు ఉన్నాయి. అక్రమ కనెక్షన్ల ప్రస్తావన కూడా ఉంది. వీధుల కింద వెళ్ళే ప్రధాన గొట్టాలకు నీటి సిబ్బందే దొంగచాటుగా రంధ్రాలు పొడిచి, సొమ్ము పుచ్చుకొని, ప్రైవేటు దుకాణాలకు నీరు మళ్ళించేవారని, అనుమతించిన కొలతకన్నా పెద్ద గొట్టం బిగించి తేడా మిగుల్చుకొనేవారని అతడు ఫిర్యాదు చేశాడు. నీటి విభాగంలో పనిచేసే ఏ ఇంజనీరుకైనా ఆ పుటలు పాతగా అనిపించవు. గొట్టాలపై పోతపోసిన అక్షరాలు ఆ కాలపు మరొక విశేషం. చక్రవర్తి పేరో, ఇంటి యజమాని పేరో, గొట్టం చేసిన సీసపు పనివాడి పేరో దానిమీదే ఉండేది. వాటిలో స్త్రీల పేర్లూ కనిపిస్తాయి.

సీసం ఒంటికి మంచిది కాదన్న సంగతి రోమనులకు బొత్తిగా తెలియనిది కాదు. క్రీస్తుకు పూర్వం మొదటి శతాబ్దిలోనే విట్రూవియస్ సీసపు గొట్టాలకన్నా మట్టి గొట్టాలు మేలని రాశాడు. సీసం నుంచి పుట్టే తెల్లని పొడి దేహానికి హానికరమని, సీసం పోతపోసే పనివారి ముఖాలు పాలిపోయి ఉండటమే అందుకు సాక్ష్యమని అతని వాదం. మట్టి గొట్టం పగిలితే ఎవరైనా బాగుచేయవచ్చు అన్నది అతడు చూపిన మరొక లాభం. ఇంటి నిండా వెండి పాత్రలున్న సంపన్నులు కూడా నీటి రుచి చెడకుండా మట్టి పాత్రలే వాడుతున్నారు కదా అని కూడా అన్నాడు. వేసవిలో కూజా నీటి రుచి ఎరిగిన తెలుగువారికి ఈ చివరి మాట ప్రత్యేకంగా విప్పి చెప్పనక్కరలేదు. అయినా నగరం అతని సలహా వినలేదు. సీసం చవక; పని తేలిక. ఆ పాలిపోయిన ముఖాలు ఎవరివో గమనించాలి. మాటకు పేరిచ్చిన ప్లంబారియస్‌లవే అవి. సీసం వల్ల కలిగే జబ్బును వైద్యులు నేటికీ ‘ప్లంబిజమ్’ అని కూడా అంటారు. వృత్తికి, వ్యాధికి వేరు ఒకటే.

సీసపు గొట్టాల వల్లనే రోము సామ్రాజ్యం కూలిపోయిందని అప్పుడప్పుడు పత్రికలలో కనిపించే కథనాన్ని మాత్రం నమ్మవలసిన పనిలేదు. రోముకు వచ్చే నీటిలో సున్నపు అంశం ఎక్కువ. అది గొట్టం లోపలి గోడలకు పొరగా పేరుకొని సీసాన్ని కొంతవరకు కప్పివేసేది. నీరు కూడా ఎక్కువ సేపు నిలవకుండా పారుతూనే ఉండేది. ప్రాచీన రోము ఓడరేవు మట్టి పొరలను పరీక్షించి 2014లో ప్రచురించిన ఒక పరిశోధన, ఆనాటి నగర గొట్టాల నీటిలో అక్కడి ఊట నీటికన్నా వంద రెట్ల వరకు సీసం ఉండవచ్చునని తేల్చింది. అంతటితో జనులు విషప్రభావానికి లోనై ఉండరని కూడా ఆ పరిశోధకులే అభిప్రాయపడ్డారు. నిజం ఈ రెండు వాక్యాల నడుమ ఎక్కడో ఉంటుంది.

అదే శతాబ్దాలలో సీసం తెలుగు నేలపై మరో పాత్ర పోషిస్తున్నది. శాతవాహన రాజులు రాగి, వెండి నాణేలతోపాటు సీసపు నాణేలనూ విరివిగా ముద్రించారు. రోములో నీటిని మోసిన లోహం ఇక్కడ సంతలో చేతులు మారింది. భారతదేశంలో కంచుగాని సీసంగాని లేదని, రత్నాలు, ముత్యాలు ఇచ్చి వాటిని కొనుక్కుంటారని రోమను రచయిత ప్లినీ రాశాడు. సీసపు గనులు ఈ దేశంలోనూ ఉన్నందున ఆయన మాట మొదటి సగం నిలవదు. పడమటి తీర రేవులకు సీసం ఓడలలో దిగుమతి అయిందన్న రెండవ సగానికి మాత్రం ఆ కాలపు నావికుల గ్రంథమైన పెరిప్లస్ కూడా సాక్ష్యం చెబుతుంది.

ప్లినీ చెప్పిన మరొక సంగతి తమిళనాడులోని తెలుగువారికి ఇంకా ఆసక్తి కలిగిస్తుంది. లాటిన్‌లో సీసానికి, తగరానికి మొదట వేరువేరు పేర్లు లేవు. సీసం ‘నల్ల ప్లంబమ్’, తగరం ‘తెల్ల ప్లంబమ్’. తమిళంలో సరిగ్గా ఇదే విభాగం ఉంది. ఈయం అనే ఒకే మాటకు రంగు చేర్చి తగరాన్ని వెళ్ళీయమని, సీసాన్ని కారీయమని అంటారు. మొదటిది తెల్లనిది, రెండవది నల్లనిది. ఒకదానితో ఒకటి సంబంధంలేని రెండు భాషలు ఒకే తీరున ఆలోచించడానికి కారణం కంటి ముందే ఉంది. రెండూ మెత్తని లోహాలు, తక్కువ వేడికే కరుగుతాయి, తళుకు తగ్గాక చూపుకు ఒకే మాదిరిగా ఉంటాయి. సంస్కృత వైద్యగ్రంథాలు మాత్రం సీసాన్ని నాగమని, తగరాన్ని వంగమని విడదీసి పిలిచాయి.

ఈ పోలిక పేర్లతో ఆగితే భాషాభిమానులకు వినోదంగా మిగిలేది. అది వంటింటిదాకా వచ్చింది. చెన్నైలోని తెలుగు ఇళ్ళలోనూ చారు కాచే ఈయపు చెంబు ఉంటుంది. అది తగరంతో చేయవలసిన పాత్ర. సీసం తగరంకన్నా ఎంతో చవక. కంటికి తేడా తెలియదు. కల్తీకి అంతకన్నా ఏమి కావాలి? పుల్లని చారు మరిగినప్పుడు కల్తీ చెంబు నుంచి సీసం అందులోకి దిగుతుంది. ఇత్తడి గిన్నెలకు వేయించే కళాయి పూత విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. కళాయి, కుళాయి అనే మాటలకు చుట్టరికం ఏమీ లేదు. మొదటిది తగరానికి అరబ్బీలో ఉన్న పేరు ఉర్దూ మీదుగా వచ్చినది. అయినా చవక సీసం దూరే దారులు ఇంట్లో ఈ రెండింటి దగ్గరే ఉండటం యాదృచ్ఛికమైనా గుర్తుపెట్టుకోదగినది.

మళ్ళీ మాట ప్రయాణానికి వద్దాం. మధ్యయుగపు ఇంగ్లాండులో ప్లంబర్ ప్రధానంగా కప్పులు వేసే పనివాడు. చర్చి పైకప్పులకు సీసపు రేకులు పరచడం, వాననీటి దోనెలు, తొట్లు తయారుచేయడం అతని జీవనాధారం. లండన్ ప్లంబర్ల సంఘానికి 1365లోనే కట్టుబాట్లు ఏర్పడ్డాయి. 1611లో రాజశాసనం లభించింది. ఇళ్ళలోకి గొట్టాల ద్వారా నీరు రావడం మొదలైనప్పుడు ఆ గొట్టాలు కూడా సీసానివే కాబట్టి పని సహజంగానే వీరికి దక్కింది. పంతొమ్మిదవ శతాబ్దిలో నగరాలు పెరిగి, నీటి మరుగుదొడ్లు, భూగర్భ మురుగు కాలువలు వచ్చాక ప్లంబింగ్ అంటే ఇంటిలోకి మంచినీరు తేవడం, వాడిన నీటిని బయటికి పంపడం, ఆ మురుగు వాయువు తిరిగి ఇంట్లోకి రాకుండా అడ్డుకోవడం అనే మూడు పనుల సముదాయమైంది. చేతులు కడిగే తొట్టి కింద వంపు తిరిగిన గొట్టంలో ఎప్పుడూ కొద్దిగా నీరు నిలిచి ఉండేది ఈ మూడవ పనికోసమే. ఊరికి వెళ్ళి నెల తరువాత వచ్చినప్పుడు స్నానాల గది వాసన కొడితే ఆ వంపులోని నీరు ఆవిరైపోయిందని అర్థం. ఒక చెంబెడు నీళ్ళు పోస్తే చాలు.

ఇంగ్లీషువారు ఈ మాటను పలికేటప్పుడు ‘బ’కారం వినిపించదు, వారి నోట అది ‘ప్లమర్’. మధ్యయుగంలో రాతలో కూడా చాలామంది ఆ అక్షరం లేకుండానే రాసేవారు. లాటిన్ మూలాన్ని చూపాలన్న పండితుల పట్టుదల వల్ల రాతలో అది నిలిచింది; పలుకులోకి రాలేదు. భారతీయ భాషలన్నీ ఈ మాటను చెవితో కాక కంటితో అందుకున్నట్లున్నాయి. అందుకే తెలుగులో, కన్నడంలో, తమిళంలో, మరాఠీలో, ఒడియాలో ‘బ’ స్పష్టంగా పలుకుతుంది. ఇంగ్లీషువారు మింగేసిన సీసపు అక్షరాన్ని మన మేస్త్రీలు రోజూ నిండుగా ఉచ్చరిస్తున్నారు. దీనిని తప్పు ఉచ్చారణ అని దిద్దబోవడం అనవసరం. 1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉన్న యానాంలో ఈ మాటకు మరొక దారి ఉంది. ఫ్రెంచిలో సీసం ‘ప్లోం’, పనివాడు ‘ప్లోంబియే’. అక్కడ లోహం పేరు, వృత్తి పేరు ఇప్పటికీ పక్కపక్కనే ఉన్నాయి, ‘బ’కారమూ వినిపిస్తుంది.

గోడ నిట్టనిలువుగా ఉన్నదో లేదో చూసేందుకు తాపీ మేస్త్రీ దారానికి కట్టి వేలాడదీసే గుండుకు ఆంగ్లంలో ఉన్న పేరూ ఈ కుదురుదే. బరువైన చవక లోహం కనుక ఆ గుండును సీసంతో చేసేవారు. నేడది ఇనుముదో ఇత్తడిదో అయినా ‘ప్లంబ్’ పోలేదు. ఫ్రెంచివారు ఆ నిలువు గీతనుంచే నిబ్బరానికి ‘అప్లోంబ్’ అన్న మాట కల్పించుకున్నారు.

మన నగరాలకు ఈ మాట కొత్త జలాశయాలతో వచ్చింది. బొంబాయికి విహార్ చెరువు నీరు 1860లో, మద్రాసుకు ఎర్రకొండల చెరువు నీరు 1872లో, బెంగళూరుకు హెసరఘట్ట నీరు 1896లో గొట్టాల ద్వారా అందాయి. అంతకు ముందు బావి, చెరువు, కాలువ ఉండేవి, నీళ్ళు మోసేవారు ఉండేవారు, ప్లంబర్ లేడు. ఆ కాలపు పెద్ద గొట్టాలు పోత ఇనుపవి. ఒక గొట్టం మూతిలో మరొక గొట్టం కొస దూర్చి, సందులో జనపనార కుక్కి, దానిపై కరిగించిన సీసం పోసి సుత్తితో కొట్టి బిగించేవారు. గొట్టం ఇనుముదైనా అతుకు సీసానిదే. కాబట్టి ఆనాడు ఈ దేశానికి వచ్చిన ప్లంబింగ్ పేరుకు తగినట్లుగా సీసపు పనే. పాత పేటల వీధుల కింద అటువంటి గొట్టాలు మిగిలి ఉన్నచోట్ల ఆ అతుకులు కూడా ఉన్నాయి. తరువాతి కాలంలో వాటి స్థానంలో రబ్బరు వలయాలు వచ్చాయి.

ఇంత పని వచ్చినా తెలుగులో దానికి ఒక్క పేరు ఎందుకు ఏర్పడలేదన్నది న్యాయమైన ప్రశ్న. విడివిడి భాగాలకు మాటల కొరత లేదు. చెరువు కట్టలోని తూము చాలా పాత మాట. తమిళంలో అది తూంబు, కన్నడంలో తూబు. కుళాయికి తమిళంలో గొట్టమని అర్థమిచ్చే కుఴాయ్ దగ్గరి చుట్టం. హైదరాబాదు తెలుగువారి నల్లా, కన్నడిగుల నల్లి, మరాఠీవారి నళ్ సంస్కృతంలో బోలు రెల్లుకాడను చెప్పే నళ శబ్దం నుంచి వచ్చిన అన్నదమ్ములు. సోలాపూరులోని పద్మశాలి ఇంట నళ్ నీరు, చెన్నైలో కుళాయి నీరు, బెంగళూరులో నల్లి నీరు అని వింటే కంగారు పడనక్కరలేదు, నీరు ఒకటే. ఈ మాటలన్నీ నీటి దారిని చెబుతాయి. మొత్తం పనికి ‘జలనాళ వ్యవస్థ’ అని కల్పించినా ‘నీటి గొట్టాల పని’ అని విప్పి చెప్పినా మురుగు భాగం అందులో ఇమడదు, పైగా దుకాణంలో ఎవరికీ అర్థం కాదు. అందువల్ల తెలుగు పాఠంలోనూ ప్లంబింగ్ అనే ఉంచడం సబబు. పనిలోని మాటలు కూడా అంతే: ఎల్బో, టీ, నిపుల్, యూనియన్, గేటు వాల్వు, బిబ్ కాక్, టెఫ్లాన్ టేపు. వీటిలో ఎల్బో అంటే మోచేయి అన్నది మేస్త్రీకి తెలియకపోవచ్చును. వంపు ఎక్కడ కావాలో తెలుసు.

నగరంలో తలుపు తట్టే ఆ మేస్త్రీ ఒడిశావాడు అయ్యే అవకాశం గణనీయం. ఆ రాష్ట్రంలోని కేంద్రపడా జిల్లా, ముఖ్యంగా పట్టాముండాయి ప్రాంతం, దేశమంతటికీ ప్లంబర్లను పంపే ఊళ్ళుగా పేరు పొందింది. అక్కడి నుంచి మొదట కలకత్తాకు, పిదప ఇతర నగరాలకు తరాలుగా ఈ పనికే వలస వెళ్ళారు. ప్లంబింగ్ నేర్పే ప్రభుత్వ సంస్థ ఒకటి పట్టాముండాయిలోనే ఉంది. వలస వచ్చిన కుటుంబం కుళాయిని మరొక వలస కుటుంబపు మనిషి బిగిస్తున్నాడు.

ఇప్పుడు అసలు సంగతి. గొట్టాలు ప్లాస్టిక్‌వి అయ్యాయి కాబట్టి పేరులోని సీసం పేరుకే మిగిలిందని అనుకోవడం తొందరపాటు.

అమెరికాలో 1986 చట్టసవరణ కొత్త సీసపు గొట్టాలను నిషేధించింది. అప్పటికే భూమిలో ఉన్నవి మాత్రం అక్కడే ఉన్నాయి. 2014 ఏప్రిల్‌లో మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్ నగరం ఖర్చు తగ్గించుకొనేందుకు నీటి వనరును మార్చి, స్థానిక నది నీటిని తీసుకోసాగింది. గొట్టాల లోపలి పొర కరగకుండా కాపాడే మందు ఆ నీటిలో కలపలేదు. ఏళ్ళ తరబడి పేరుకున్న రక్షణ పొర ఊడిపోయి సీసం ఇళ్ళ కుళాయిలలోకి వచ్చింది. పిల్లల రక్తంలో దాని పాళ్ళు పెరిగాయి. జనం రంగు మారిన నీటిని సీసాలలో పట్టుకొని సభలకు వచ్చి చూపినా చాలాకాలం నీరు బాగానే ఉందన్న జవాబే వినవలసివచ్చింది. సీసానికి రంగు, రుచి, వాసన లేవు. ఆ రంగు తుప్పుది.

మన దేశంలో సీసం దూరిన దారి వేరు. పీవీసీ పదార్థం గొట్టంగా అచ్చుపోసే వేడికి చెడిపోకుండా ఉండటానికి అందులో ఒక స్థిరీకరణ ద్రవ్యం కలపాలి. అందుకు దీర్ఘకాలం వాడినది సీసపు లవణాలనే. కారణం మళ్ళీ చవకదనమే. కాల్షియం, జింకు కలిసిన ద్రవ్యాలు ప్రత్యామ్నాయంగా ఉన్నాయి. కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ పీవీసీ పైపుల నుంచి సీసపు ద్రవ్యాన్ని తొలగించేందుకు 2021లో ప్రత్యేక నియమావళి జారీచేసింది. అంతకు ముందు కట్టిన ఇళ్ళ గోడలలో ఉన్నవి ఆనాటి పైపులే. ఇవి కాక ఇత్తడి కుళాయిలలో, వాల్వులలో లోహం సులువుగా చెక్కుడు పడేందుకు కొంత సీసం కలపడం పరిపాటి. జీఐ పైపుల జింకు పూతలోనూ స్వల్పంగా ఉండవచ్చు.

భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 తాగునీటిలో సీసాన్ని లీటరుకు 0.01 మిల్లీగ్రాముకు పరిమితం చేసింది. లీటరు నీటికి ఒక గ్రాములో లక్షవ వంతు. ఇంత కొద్దిపాటి హద్దు ఎందుకంటే సీసాన్ని దేహం కాల్షియం అని పొరబడుతుంది. ఎముకలలో చేర్చుకొని ఏళ్ళ తరబడి దాచుకుంటుంది. గర్భధారణ సమయంలో తల్లి ఎముకలు కరిగినప్పుడు అది మళ్ళీ రక్తంలోకి వచ్చి శిశువును చేరుతుంది. మింగిన సీసంలో పెద్దలు గ్రహించేదానికి నాలుగైదు రెట్లు పసిపిల్లలు గ్రహిస్తారు. ఎదిగే మెదడుకు అది చేసే నష్టం తరువాత పూడేది కాదు. హాని చేయని మోతాదు ఇదని చెప్పగలిగినది ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది.

ఇక్కడ ఒక అలవాటును సరిచూసుకోవాలి. నీరు అనుమానంగా ఉంటే కాచి తాగడం మన ఇళ్ళలో పెద్దల మాట. క్రిములకు అది సరైన మందే. మన నగరాలలో ఎక్కువ ఇళ్ళకు ముందుగా భయపడవలసినది క్రిములకే కనుక ఆ అలవాటు మానకూడదు. కాని మరిగిస్తే సీసం పోదు. నీరు ఆవిరై తగ్గినకొద్దీ మిగిలినదానిలో దాని పాలు పెరుగుతుంది. అతినీలలోహిత కిరణాల యంత్రం కూడా సీసాన్ని తొలగించదు; ఆర్వో పొర చాలావరకు తొలగిస్తుంది.

నీరు గొట్టంలో ఎంతసేపు కదలక నిలిస్తే అంత సీసం కరుగుతుంది. అందుచేత తెల్లవారి తిప్పిన కుళాయి మొదటి ధార తాగడానికి, వంటకు వద్దు. ఒక బకెట్టు నింపి ఇల్లు తుడిచేందుకో తులసికోటకు కాక మిగతా పూల మొక్కలకో వాడుకోవచ్చు; నీటి కరవున్న నగరంలో ఊరికే పారబోయడం తగదు. గీజరు వేడి నీటిని బియ్యం ఉడికించడానికి, పాలపొడి కలపడానికి ఉపయోగించరాదు. వేడి నీరు లోహాన్ని త్వరగా కరిగిస్తుంది. గ్యాసు ఆదా అవుతుందని కొందరు చేసే పొదుపు ఇది. ఇల్లు పాతదై, చంటిబిడ్డ గాని గర్భిణి గాని ఉంటే ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ప్రయోగశాలలో పరీక్ష చేయించడం మేలు. రాత్రంతా నిలిచిన నీటి మొదటి లీటరునే నమూనాగా పట్టాలి. ధార వదిలాక పట్టిన నమూనా ఇంటి గొట్టాల సంగతి చెప్పదు.

అద్దె ఇంట్లో గొట్టాలు మార్చే అధికారం యజమానిదే. అయితే మరమ్మతు జరిగే రోజున ఏ పైపు వస్తున్నదో చూసే హక్కు అద్దెకున్నవారికీ ఉంది. రోమను గొట్టాలమీద పేర్లు ఉన్నట్లే నేటి పైపులమీదా ముద్ర ఉంటుంది: తయారీదారు పేరు, మిల్లీమీటర్లలో కొలత, ఒత్తిడి తరగతి, ఐఎస్ఐ గుర్తు, దానితో ప్రమాణ సంఖ్య. తాగునీటి యూపీవీసీ పైపుపై ఐఎస్ 4985, వేడి నీటికి పనికివచ్చే సీపీవీసీ పైపుపై ఐఎస్ 15778 ఉండాలి. ఐఎస్ 13592 అని ఉన్నది మురుగునీటికి, వాననీటికి ఉద్దేశించినది. మిగిలిపోయిన ముక్క కదా అని దానిని వంటింటి కుళాయికి కలపనీయవద్దు. సీసం లేనిదని ముద్ర ఉన్న సరుకే తెమ్మని పని మొదలుకాకముందే మేస్త్రీకి చెప్పాలి. అతికించాక గోడ పూసేస్తే ఆ అక్షరాలు మళ్ళీ కనిపించవు.